హాల్లోకి తివాచీ: ఉన్నియా, నైలానా, నూలా?

హన్మకొండ కోడలు
మాది హన్మకొండలో రెండో అంతస్తు. హాలంతా గ్రానైట్. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు, చలికాలంలో ఉత్త నేల మీద అడుగు వేయలేరు. బాబుకు 14 నెలలు, పాలు ఒలకబోసేదీ అక్కడే, అన్నం చల్లేదీ అక్కడే. పోయినేడు 'సిల్క్' అని చెప్తే 9,000 పెట్టి తివాచీ కొన్నాం. పాలు పడ్డచోట తడిగుడ్డతో తుడిచానంతే. ఆరేసరికి పసుప్పచ్చ మచ్చ, పోగులన్నీ చీపురు పుల్లల్లా బిరుసెక్కాయి. ఇప్పుడు 5 వేలలో ఏదైనా కావాలి. ఉన్ని, నైలాన్, పాలిస్టర్, పాలీప్రొపిలీన్... మందుల చీటీ చదివినట్టుంది నాకు.

కొత్తవాడ మగ్గం
అక్కా, అది విస్కోస్ అయ్యుంటుంది. చెక్క గుజ్జుతో చేసే పోగు. పట్టులాగే మెరుస్తుంది కానీ తడిస్తే బలం పోతుంది. అనుమానముంటే వెనకవైపు నుంచి ఒక పోగు లాగి, స్టీలు ప్లేటు మీద పట్టకారుతో పట్టుకొని కాల్చండి. కాగితం కాలిన వాసన వస్తే విస్కోస్, లేదా నూలు. వెంట్రుకలు కాలిన వాసనైతే పట్టు, లేదా ఉన్ని. కరిగి పూస కట్టిందా, ప్లాస్టిక్ జాతి. బాబును దూరంగా కూర్చోబెట్టి చేయండి.

మా నాన్న గుంత మగ్గం మీద నూలు దర్రీలు, అంటే జంపఖానాలు, నేసేవాడు. కాబట్టి నేను నూలు వైపే మాట్లాడతాను, ముందే చెప్తున్నా. దర్రీకి తివాచీలా పైన నిలబడే పోగులు ఉండవు, పాలు పడితే లోపల దాక్కోవడానికి చోటు లేదు. రెండు వైపులా పరుచుకోవచ్చు. మేడ మీద వేసి ఉతికి దులిపేయొచ్చు. పసుపు మరక సబ్బు తగలగానే ఎర్రగా మారుతుంది, కంగారుపడకండి. ఎండలో పెడితే తగ్గుతుంది.

లోపాలు కూడా ఉన్నాయి. తడిస్తే ఇద్దరు పట్టుకొని మోయాలి, ముసురు పట్టిన రోజుల్లో ఒక పట్టాన ఆరదు. గ్రానైట్ మీద జారుతుంది, అత్తమ్మ ఉన్న ఇంట్లో అది చిన్న విషయం కాదు. కింద రబ్బరు మ్యాట్ తప్పనిసరి. కొనేముందు తడిపిన తెల్లగుడ్డతో గట్టిగా రుద్దండి, రంగు అంటితే వదిలేయండి. వరంగల్ దర్రీలకు 2018లో జీఐ ట్యాగ్ (ఫలానా ఊరి సరుకని ఇచ్చే ప్రభుత్వ గుర్తింపు) వచ్చింది. అయినా ఆ పేరు వినగానే నమ్మొద్దు, నూలేనా అని అడగండి.

కరీంనగర్ అద్దింట్లో
మా ఇంట్లో పాలీప్రొపిలీన్ తివాచీ ఉంది, అదీ ప్లాస్టిక్ జాతే. నీళ్లు అసలు పీల్చదు, పైపు పెట్టి కడిగేస్తాను. ధర కూడా తక్కువే. కానీ ఆవకాయ నూనె పడిందంటే వదలదు. దివాన్ కాళ్ల కింద నలిగిన చోటు మళ్లీ లేవనే లేదు. ఒకసారి ఆ దివాన్‌ను ఎత్తకుండా ఈడ్చాం. రాపిడి వేడికే పోగు కరిగి మెరిసే గీత పడింది! ఇస్త్రీపెట్టె సంగతి చెప్పనక్కర్లేదు. వాకిలి దగ్గరైతే ఓకే, హాల్లో వద్దు.

మంచిర్యాల రిటైర్డ్
నా ఓటు ఉన్నికే. తన బరువులో మూడో వంతు దాకా తేమ పీల్చుకున్నా తడిగా అనిపించదు, కాళ్లకు వెచ్చగా ఉంటుంది. అయితే మామూలు సర్ఫ్ వాడొద్దు, పోగు పాడవుతుంది. మేం ఎండాకాలం చుట్టి మంచం కింద పెట్టాం, తీసి చూస్తే పురుగు తిన్న బొక్కలు. నైలాన్ గట్టిది, తొక్కినా మళ్లీ లేస్తుంది, ఖరీదు ఎక్కువ. పాలిస్టర్‌కు మరకలు అంత తేలిగ్గా పట్టవు గానీ నడిచే దారి తొందరగా అణిగిపోతుంది. 5 వేలలో మంచి ఉన్ని దొరకదమ్మా, ఉన్న మాట చెప్తున్నా.

హన్మకొండ కోడలు
పోగు కాల్చాను. కాగితం వాసనే! మా ఆయన పక్కనే నిలబడి "9,000 కాగితం" అన్నాడు. అత్తమ్మ మాత్రం దర్రీ అనగానే తన పెళ్లినాటి జంపఖానా ఇంకా ట్రంకుపెట్టెలో ఉందని బయటపెట్టింది. మూలలు తప్ప అంతా మంచిగానే ఉంది. ముందు దాన్నే పరిచి చూస్తాం. తమ్మీ, ఆ రబ్బరు మ్యాట్ దర్రీ అంతే సైజు తీసుకోవాలా?

కొత్తవాడ మగ్గం
నాలుగు వైపులా అంగుళం తక్కువ తీసుకోండి అక్కా, అంచు బయటికి కనబడదు. జంపఖానా మూలలు చూపిస్తే నాన్న కుట్టిస్తాడు, ఆదివారం తీసుకురండి.