అప్‌డేట్: అమ్మ రిపోర్ట్ వచ్చింది

అమ్మకు 46 ఏళ్లు, నెలసరి మధ్యలో ఎర్రబట్ట అవుతోంది, భయపడాలా అని పోయిన నెల అడిగాను. ఆలస్యం చేయొద్దన్నారు మీరంతా. అమలాపురం నుంచి కాకినాడ తీసుకెళ్లాను. ఎదుర్లంక వంతెన దాటేవరకూ అమ్మ కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది, ఒక్క మాట లేదు.

హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్) పరీక్ష పాజిటివ్. గర్భాశయ ముఖద్వారానికి వెనిగర్ లాంటి మందు రాస్తే తెల్లమచ్చ తేలిందట. వారం టెన్షన్ తర్వాత ముక్క పరీక్ష (బయాప్సీ) రిపోర్ట్: క్యాన్సర్ కాదు, దాని ముందు దశ! ఆ భాగం తీసేసి అదే రోజు పంపేశారు. ఏడాదికి మళ్లీ పరీక్ష.

ఈ దశలో చాలామందికి ఏ లక్షణమూ ఉండదట. అందుకే పిన్నికీ హెచ్‌పీవీ పరీక్ష చేయించాం, నెగెటివ్. వాళ్ల పాపకు 11 ఏళ్లు. 9-14 ఏళ్ల మధ్య హెచ్‌పీవీ టీకా వేయిస్తే మంచిదన్నారు, శనివారం వేయిస్తున్నాం.