ఈ వారం సమస్య: కొత్తదనగ పాత కొంప మునిగె

ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను, మొదటి మూడూ మీరు పూరించాలి. ఐదూ సూర్యగణాలు, యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం కుదరడం) 'కొ'కి 'కొం'. విషయం మైక్రోసాఫ్ట్ వారి ప్రచారం, దాని వెనకాల వచ్చిన సరుకు. ఎగతాళి ఎంతైనా చేయండి, జరిగినదానికి మాత్రం కట్టుబడండి. లేని తప్పు అంటగడితే పద్యం తేలిపోతుంది. విజయనగరంలో అవధానాలు వింటూ పెరిగినవాళ్లం, యతి తప్పితే ఊరుకునేది లేదు.

కోట దగ్గర మాస్టారి పూరణ:

వేదికెక్కి గొప్ప వినిపించుచుండగా
స్కానరొకటి తగుల సాంతమాగె
నీలిరంగు తెరయె నిండెను గోడంత
కొత్తదనగ పాత కొంప మునిగె

1998 ఏప్రిల్‌లో షికాగోలో విండోస్ 98 ప్రదర్శిస్తుండగా స్కానర్ తగిలించారు. బిల్ గేట్స్ వేదిక మీద ఉండగానే, కంప్యూటర్ ఆగిపోయిందని చెప్పే నీలి తెర పడింది. మాస్టారూ, 'నిండెను గోడంత' అన్నచోట ఆ సభ కళ్లకు కట్టింది. 'స్కా'కి 'సా' యతి కూడా చక్కగా కుదిరింది. కానీ సమస్యలో 'పాత' అనే మాటకి మీ పద్యంలో పనేముంది? ఆ రోజు మునిగింది కొత్త కొంపే. పైగా అది అమ్మకానికి వచ్చింది జూన్‌లో, అంటే సభలో పడింది ఇంకా ఎవరి ఇంటికీ చేరని సరుకు. ఇచ్చిన పాదంలో ఏ మాటా ఖాళీగా కూర్చోకూడదని నా పట్టుదల.

కంటోన్మెంట్ నుంచి ఒక తమ్ముడు:

మొదలు మీట తీసి మురిపించి చూపిరి
వెతికి వెతికి జనులు వెఱ్ఱులైరి
ఏడు తిరుగ మరల నిచ్చిరి యా మీట
కొత్తదనగ పాత కొంప మునిగె

ఇక్కడ 'పాత' బతికింది. 2012 అక్టోబర్‌లో విండోస్ 8 వచ్చినప్పుడు స్టార్ట్ బటన్ మాయమైంది. మౌస్‌ని కుడి మూలకి తోస్తే పక్కనుంచి ఒక పట్టీ జారి వచ్చేది. అందులో సెట్టింగ్స్, అందులో పవర్, ఆ తర్వాత గానీ షట్‌డౌన్ కనిపించేది కాదు. ఇన్నాళ్ల చేతి అలవాటంతా ఒక్కసారిగా పనికిరాకుండా పోయింది. 'వెతికి వెతికి' అన్న జంటమాట ఆ తంటానంతా పట్టేసింది.

మాస్టారు రెండు మాటలన్నారు, రెండూ సబబే. "మూడో పాదం అచ్చుతో మొదలైంది నాయనా, 'వెఱ్ఱులైరి' తర్వాత 'యేడు' అను. ఇంకోటి, 2013లో 8.1తో మీట ఇచ్చారు గానీ నొక్కితే పాత మెనూ రాలేదు, విండోస్ 8లోని ఆ పలకల తెరే వచ్చింది. మెనూ కోసం 2015లో విండోస్ 10 దాకా ఆగాల్సి వచ్చింది." తమ్ముడు మొదటిది దిద్దుకున్నాడు. రెండోదానికి పద్యంలో చోటు లేదు, 'మీట' అన్నాడే గానీ 'మెనూ' అనలేదు కాబట్టి ఒప్పుకుందాం.

మూడు లాంతర్ల దగ్గర నుంచి ఒక అమ్మ:

మంగళార మూరు మానునే జూడగా
ప్యాచి వచ్చి పడెను పద్దుపైన
తిరిగి వచ్చి చూడ తిరుగుచున్నది చుక్క
కొత్తదనగ పాత కొంప మునిగె

అమ్మా, 'తిరిగి', 'తిరుగుచున్నది' ఎంత బాగా పడ్డాయో! తెర మీద గుండ్రంగా తిరిగే ఆ చుక్కల ముందు కూర్చున్నవాళ్లందరికీ ఈ పాదం కంఠతా వచ్చేస్తుంది. పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం దసరా తర్వాతి మంగళవారం. మైక్రోసాఫ్ట్ వారి ప్యాచిలు, అంటే లోపాలు దిద్దే అప్‌డేట్లు, 2003 నుంచీ నెలలో రెండో మంగళవారం. ఈ రెండింటినీ కలపాలన్న ఊహ మన ఊరివాళ్లకే తడుతుంది. అయితే 2025లో సిరిమాను అక్టోబర్ 7న, ప్యాచి 14న. తిథి తెలిసినవాళ్లు పట్టుకుంటారు. మొదటి పాదం ఇలా మారిస్తే ఎలా ఉంటుంది:

మంగళార మూరు మాను ముచ్చటలాడ

వారం దాటినా జనం ఇంకా సిరిమాను గురించే చెప్పుకుంటున్నారన్నమాట. గణాలు, యతి, తేదీ మూడూ నిలుస్తాయి.

బొబ్బిలి నుంచి వచ్చిన పూరణ:

పదికి సెలవటంచు పదునొకండుకు బిల్వ
జేబు తడిమి తాత చేతులెత్తె
చిప్పు లేని పెట్టె చెత్తబుట్టకు బోయె
కొత్తదనగ పాత కొంప మునిగె

ఆ 2025 అక్టోబర్ 14తోనే విండోస్ 10కి మామూలు మద్దతు ఆగింది. నమోదు చేసుకున్నవాళ్లకి ఇంకో ఏడాది భద్రతా అప్‌డేట్లు ఇస్తామన్నారు, అది ఒప్పుకోవాలి. కానీ 2021లో వచ్చిన విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలన్నారు. నిక్షేపంగా నడుస్తున్న పెట్టె కూడా ఆ ఒక్కటి లేక అనర్హమైంది. చెడిపోయినదాన్ని పారేస్తే బాధ లేదు, పనిచేసేదాన్ని పారేయమంటేనే కడుపు మండుతుంది. ఈ పద్యంలో ఆ మంట ఉంది. కంపెనీ పేరు ఎక్కడా రాలేదు, తిట్టు ఒక్కటీ లేదు, తాత జేబు తడుముకోవడంతోనే చెప్పాల్సిందంతా చెప్పేశారు. 'పాత' అన్నది ఇక్కడ పెట్టెకీ చెల్లింది, తాతకీ చెల్లింది.

ఈ వారం నా ఓటు దీనికే. 'పదునొకండుకు' అనే వాడుక రూపం మీద అభ్యంతరం ఉన్నవాళ్లు సవరణ పంపండి, గణం మాత్రం చెడకూడదు.