విమానంలోకి ఇంటి సద్ది: కట్టుకుపోవాలా, వద్దా?

చిత్రావతి (అనంతపురం):

మా ఇంట్లో తేలని వాదన ఇది, అందుకే ఇక్కడ పెడుతున్నా. మా అత్తమ్మ, మామ వచ్చే నెల బెంగళూరులో విమానమెక్కి ఢిల్లీకి, అక్కడి నుంచి హరిద్వారం పోతున్నారు. అత్తమ్మ చిత్రాన్నం, గుంత పొంగణాలు, నిప్పట్లు, చెనక్కాయ పొడి కట్టుకుంటానంటే మా మరిది ఒప్పుకోవడం లేదు. "విమానంలో స్టీలు డబ్బా మూత తీస్తే అందరూ మనల్నే చూస్తారు, కావాల్సింది అక్కడే కొనుక్కోండి" అంటాడు.

నా మట్టుకు నాకు కట్టుకుపోవాల్సిందే అనిపిస్తుంది. అనంతపురంలో బయలుదేరితే 44వ నంబరు హైవే మీద దేవనహళ్లి చేరేసరికి మూడు గంటలు. విమానానికి రెండు గంటల ముందే అక్కడ ఉండాలి. ఢిల్లీకి దగ్గర దగ్గర మూడు గంటలు. దిగి, సామాను తీసుకుని బయటపడేసరికి ఇంకో గంట. పొద్దున్నే ఇల్లు వదిలిన మనిషి సాయంత్రం దాకా దారిలోనే ఉంటాడు. మామకు షుగరు. మాత్ర వేసుకున్నాక పూట తప్పితే చెమటలు పట్టి కళ్లు తిరుగుతాయి. చౌక విమానాల్లో టికెట్టుతో తిండి రాదు. 2003లో ఎయిర్ డెక్కన్ మొదలైనప్పటి నుంచి ఆ పద్ధతి మన దేశంలో పాతుకుపోయింది. డబ్బు పెట్టి కొందామన్నా చల్లటి శాండ్‌విచ్ మా మామ నోటికి పోదు.

మరిది చెప్పే కారణమే నాకు మింగుడు పడట్లేదు. చేనికి పోయినా, బడికి పోయినా, తిరుపతి కొండకు పోయినా సద్ది కట్టుకుపోయిన ఇళ్లు మనవి. టికెట్టు ఖరీదు పెరగ్గానే అది సిగ్గుపడాల్సిన పని ఎట్లయింది? మీరేమంటారో చెప్పండి. వద్దనేవాళ్లు కూడా కారణం చెప్పి వద్దనండి.

హంద్రీ గట్టు (కర్నూలు):

అక్కా, నేను వద్దనేవాణ్ణే. పరువు మాట పక్కన పెట్టండి, ఆ కారణం నాకూ నచ్చదు. నేను చెప్పేది పక్క సీటు మనిషి గురించి.

బస్సులో కిటికీ తెరుస్తాం, రైల్లో తలుపు దగ్గరికి పోయి నిలబడతాం. విమానంలో ఆ వీలు లేదు. మోకాళ్లు ముందు సీటుకు తగులుతుంటే, అటొకరు ఇటొకరు కూర్చుంటే, మధ్యలో ఇరుక్కున్న మనిషి దిగేదాకా కదల్లేడు. మా ఆవిడ కడుపుతో ఉన్నప్పుడు హైదరాబాదు నుంచి పోతుంటే వెనక వరుసలో ఎవరో ఉడికిన గుడ్లు, ఉల్లికారం విప్పారు. ఆమెకు వాంతి ఆగలేదు. వాళ్లు చెడ్డవాళ్లేం కాదు, ఆకలైంది, తిన్నారు. కానీ ఆమె లేచి ఎక్కడికి పోవాలి?

నిప్పట్లు, కజ్జికాయలు, బొరుగులు ఎవరినీ ఇబ్బంది పెట్టవు. వెల్లుల్లి తిరగమోత పెట్టిన అన్నం, ఊరగాయ, గుడ్డు, చేప మాత్రం కిందే తిని ఎక్కాలి. గేటు దగ్గర అంత పెద్ద హాలు, అన్ని కుర్చీలు ఉంటాయి. అక్కడ విప్పుకుని తినండి, ఎవరూ ఏమీ అనరు.

గుంతకల్లు జంక్షన్:

కిటికీ తెరవలేనంత మాత్రాన విమానం లోపలి గాలి కదలదు అనుకోవడం సరికాదన్నా. పెద్ద జెట్ విమానాల్లో సుమారు సగం బయటి గాలి, సగం ఫిల్టరులో వడకట్టిన లోపలి గాలి కలిపి పంపుతారు. గంటకు ఇరవై సార్లకు పైనే గాలి మారుతుంది. మన బస్సు ఏసీ కన్నా అది చాలా మేలు.

హంద్రీ గట్టు (కర్నూలు):

ఆ ఫిల్టరు దుమ్మును, సూక్ష్మక్రిములను పడుతుంది, వాసనను పట్టదు. బయటి గాలి వచ్చి వాసన పలచబడేలోపు పక్కనున్నవాళ్లకు తగలాల్సింది తగులుతుంది. నేను చెప్పేది ఆ రెండు మూడు వరుసల వాళ్ల గురించే.

గండికోట (కడప):

నేను కువైట్‌లో చాలా ఏళ్లు పనిచేసి వచ్చినోణ్ణి. మా రాజంపేట, రాయచోటి వైపు గల్ఫుకు ఒక్కడైనా పోని ఇల్లు వెతకాల. ఇక్కడ వాసన గురించే మాట్లాడుతున్నారు, డబ్బు గురించి ఎవరూ ఎత్తడం లేదు.

ఊర్లో సాయంత్రం బండెక్కితే మద్రాసు చేరేది రాత్రికి. విమానమేమో తెల్లవారుజామున. సెక్యూరిటీ దాటి లోపలికి పోయినాక ఒక దోశ ధర అడిగితే, ఆ డబ్బుతో ఊర్లో ఇంటిల్లిపాదీ తినొచ్చు అనిపిస్తుంది. వీసాకు, టికెట్టుకు అప్పు చేసి పోతున్నవాడు ఆ దోశ కొనడు, ఆకలితోనే ఎక్కుతాడు. అట్లా నీళ్లు తాగి పడుకున్న పిల్లలను నా కళ్లతో చూసినా. వాళ్లమ్మ కట్టిచ్చిన నాలుగు ఓళిగలు సంచిలో ఉండి కూడా, ఎవరేమనుకుంటారోనని బయటికి తీయలేదు. నాకు కోపమొచ్చేది అక్కడే. ఆ పిల్లోడికి ఆ సిగ్గు నేర్పింది చదువుకున్న మనమే.

ధరల మీద జనం మొత్తుకోగా మొత్తుకోగా 2024 డిసెంబరులో కలకత్తా విమానాశ్రయంలో ఉడాన్ యాత్రీ కఫే పెట్టారు. టీ 10 రూపాయలు, సమోసా 20 రూపాయలు. మరుసటేడు మద్రాసులోనూ తెరిచారు. మంచి పని. కానీ అన్ని ఊళ్లలో, అన్ని గేట్ల దగ్గరా అది లేదు కదా. వచ్చేదాకా సద్దే దిక్కు.

ఇంకో మాట, గల్ఫుకు పోయేవాళ్లు తప్పకుండా చదవండి. గసగసాలు పెట్టుకోవద్దు. మనకు అది కూరలో వేసే మసాలా దినుసు, దుబాయి ఉన్న ఎమిరేట్స్ దేశంలో, సింగపూరులో అది మత్తుపదార్థాల చట్టం కిందికి వస్తుంది. అమ్మ ప్రేమగా దంచి ఇచ్చిన మాంసం మసాలాలో కూడా అది ఉంటుంది. ఇంట్లో అడిగి, లేదని తెలిసినాకే సంచిలో పెట్టండి. నోటి రుచి కోసం జైలుకు పోవద్దు.

మందుల అంగడి (ప్రొద్దుటూరు):

సిగ్గు, వాసన సరే. ఆరోగ్యం సంగతి కూడా చూడాలి కదా.

చిత్రాన్నం ఎప్పుడు తింటారన్నది ముఖ్యం. ఉడికిన అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు బతికే ఉంటాయి, వేడికి చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి పెరిగి విషం తయారుచేస్తాయి. మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. అందుకే వండింది బయట రెండు గంటలకు మించి ఉంచొద్దంటారు, వేడి 32 డిగ్రీలు దాటితే గంటే. మన ఎండలకు గంట లెక్కే పెట్టుకోండి. పొగలు పోతున్న అన్నాన్ని డబ్బాలో కుక్కి మూత బిగించడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. వెడల్పు పళ్లెంలో పరిచి, ఆరబెట్టి, అప్పుడు కలపండి. నిమ్మరసం, చింతపండు పులుపు కొంత కాపాడుతుంది కానీ సాయంత్రం దాకా కాపాడుతుందని నమ్ముకోవద్దు. పెరుగన్నం, కొబ్బరి చట్నీ అసలు వద్దు.

కాబట్టి చిత్రాన్నం పెందలాడే దారిలో, పెనుకొండ దాటేలోపు తినేయండి. విమానంలోకి ఎండు జొన్నరొట్టె, పప్పుల పొడి, నూనె పీల్చని పొంగణాలు. రాయలసీమ ఇళ్లలో నిలవ ఉండే తిండికి కరువా?

మీ మామగారికి ఇంకొకటి. గ్లూకోజు బిస్కెట్లు, రెండు చాక్లెట్లు జేబులో ఉండాలి. పైన సామాను అరలో పెట్టిన సంచిలో ఉంటే లాభం లేదు. విమానం ఊగుతున్నప్పుడు సీటు బెల్టు విప్పి లేవనివ్వరు. మాత్రలూ చేతి సంచిలోనే.

మరో సంగతి. పైకి పోయినాక విమానం లోపలి గాలి ఒత్తిడి ఆరేడు వేల అడుగుల కొండ మీద ఉన్నంతే ఉంటుంది, గాలిలో తేమ కూడా చాలా తక్కువ. అందుకే చిప్స్ ప్యాకెట్టు ఉబ్బుతుంది, కడుపులో వాయువు కూడా అంతే. ఎక్కే ముందు ఉలవలు, అనుములు, సోడా మానుకోండి. జర్మనీలో లుఫ్తాన్సా విమాన సంస్థ కోసం ఫ్రౌన్‌హోఫర్ అనే పరిశోధన సంస్థ వాళ్లు విమానం లాంటి గదిలోనే జనానికి తినిపించి చూశారు. ఆ ఒత్తిడిలో నాలుకకు ఉప్పు, తీపి తక్కువగా తెలుస్తాయని తేలింది. అక్కడ ఇచ్చే తిండి చప్పగా ఉంది అని మనవాళ్లు అనేది వట్టి వంక కాదు. మన పులుపు, కారం ఆ ఎత్తులో నోటికి బాగుంటాయి.

ఓర్వకల్లు పిల్లోడు:

నేను అమెరికాలో చదువుకుంటున్నా. ఇంత దూరం పోయే విమానాల్లో భోజనం టికెట్టులోనే వస్తుంది. 24 గంటల ముందు ఏషియన్ వెజిటేరియన్ అని చెప్పి పెట్టుకుంటే అన్నం, పప్పు లాంటిది, మిగతావాళ్లకన్నా ముందే తెచ్చిస్తారు. అన్నం డబ్బాలు మోయాల్సిన అవసరం లేదు. మధ్యలో విమానం మారే చోట నాలుగైదు గంటలు కూర్చోవాలి, అప్పటికి మురుకులు, చిక్కీలు ఉంటే చాలు.

పొడులు మాత్రం చేతి సంచిలో వద్దు. అమెరికా వైపు వచ్చే విమానాల్లో 350 మిల్లీలీటర్లకు మించిన పొడి చేతి సంచిలో ఉంటే విడిగా తనిఖీ చేస్తారు, ఏంటో తేల్చుకోలేకపోతే పడేస్తారు. ఈ నియమం 2018 నుంచి ఉంది. కారం పొడి అయితే మన దగ్గరే సెక్యూరిటీలో ఆపుతారు. అన్నీ పెద్ద సూట్‌కేసులో వేయండి. దిగాక తిండి ఉందని కస్టమ్స్ వాళ్లకు చెప్పండి. మాంసం, పండ్లు, విత్తనాలు దాచి తేవద్దు. ఉందని చెబితే, ఒప్పనిది తీసేసుకుని పంపిస్తారు, దాస్తే జరిమానా.

ఇంకా, 100 మిల్లీలీటర్లకు మించి నెయ్యి, ఊరగాయ నూనె, పెరుగు చేతి సంచిలో విదేశీ ప్రయాణానికి పనికిరావు. 2006లో లండన్‌లో ద్రవ బాంబుల కుట్ర బయటపడ్డాక వచ్చిన నియమం ఇది.

చిత్రావతి (అనంతపురం):

ప్రొద్దుటూరు అన్నా, పరిచి ఆరబెట్టే మాట అత్తమ్మకు చెప్పినా, ఒప్పుకుంది. గండికోట అన్నా, ఆ ఓళిగల పిల్లోడి మాట మా మరిదికి చదివి వినిపించినా. మారు మాట్లాడలేదు.

హంద్రీ గట్టు అన్నకు నా జవాబు: గుడ్డు, చేప, ఉల్లికారం విమానంలో విప్పొద్దంటే నేనూ ఒప్పుకుంటా. కానీ "వాసన" అనే మాటకు ఎల్లెక్కడుంది? ముందు వరుసలో కొనుక్కున్న నూడుల్స్ కప్పులో వేడినీళ్లు పోస్తే దాని వాసన విమానమంతా కొడుతుంది. దాన్ని ఎవరూ ఏమీ అనరు. అదే మసాలా వాసన స్టీలు డబ్బాలోంచి వస్తే మొహాలు తిప్పుకుంటారు. వాసన రెండిటికీ ఉంది. అభ్యంతరం మాత్రం డబ్బా మీదే ఎందుకు? నియమం పెట్టేట్టయితే అమ్మేవాళ్లకూ పెట్టాలి.

హంద్రీ గట్టు (కర్నూలు):

ఆ నూడుల్స్ అమ్మడం కూడా ఆపాలనే నేనంటా. మీరు చెప్పిన తేడా నిజమే, అది అన్యాయమే. అయినా ఒకరు చేస్తున్నారు కాబట్టి మనమూ చేద్దాం అంటే పక్క సీట్లో కూర్చున్న మనిషి కష్టం రెండింతలవుతుంది. మూత గట్టి డబ్బా, చేతికి అంటని తిండి, తిన్నాక కాగితాలు మన సంచిలోకే. ఇంత పాటిస్తే నేను పక్కనే కూర్చుని మీ నిప్పట్లు అడిగి తింటా.

గండికోట (కడప):

ఒక్క ముక్క మరిచినా. ఎండు కొబ్బరి ఏ సంచిలోనూ పెట్టొద్దని అత్తమ్మకు చెప్పండి. నూనె ఎక్కువ, తనంతట తానే వేడెక్కి అంటుకునే గుణముందని దాన్ని ప్రమాదకర వస్తువుల్లో చేర్చారు. హరిద్వారంలో పూజకని చిప్పలు పెట్టుకుంటే తీసేసుకుంటారు. టెంకాయ కూడా చేతి సంచిలో ఒప్పరు. అయ్యప్ప దీక్ష రోజుల్లో ఇరుముడి టెంకాయకు మాత్రం 2022లో, మళ్లీ 2024లో ఆ సీజను వరకు అనుమతి ఇచ్చినారు.

గుంతకల్లు జంక్షన్:

అక్కా, ఒకటి అడగాలి. వాసనను ఓర్చుకోవచ్చు. చెనక్కాయ పడని పిల్లలుంటారు, కొందరికి ఒక్క గింజతోనే గొంతు వాచి ఊపిరాడదు. ఆ పొడి చేతికంటి, అదే చేత్తో ట్రే పట్టుకుంటే తర్వాత కూర్చునే బిడ్డకు అంటొచ్చు. అమెరికాలో సౌత్‌వెస్ట్ సంస్థ 2018లో వేరుసెనగ పొట్లాలు ఇవ్వడమే మానేసింది. పక్క సీటు తల్లి "మా బిడ్డకు పడదు" అంటే మీరేం చేస్తారు? మన జిల్లాలో చెనక్కాయ లేని తిండి ఏముంది?

చిత్రావతి (అనంతపురం):

మూత కట్టేస్తాం, అందులో ఆలోచించేదేముంది. పొడి ఒకటే కాదు, మా ఇంట్లో నిప్పట్ల పిండిలోనూ గింజలు దంచి వేస్తాం, కాబట్టి అవీ తీయకూడదు. పొంగణాలు కూడా చెనక్కాయ చట్నీ లేకుండా వేరే డబ్బాలో పెట్టమని అత్తమ్మకు ఇప్పుడే చెబుతున్నా. ఎక్కే ముందు చేతులు కడుక్కోవడం, కూర్చోగానే తడి గుడ్డతో ట్రే తుడుచుకోవడం మామకు నేర్పించాలి. ఈ సంగతి నాకింత వరకు ఎవరూ చెప్పలేదు. అలర్జీ ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఎవరైనా ఇది చదువుతుంటే రాయండి. ఇంకేం జాగ్రత్తలు తీసుకుంటే మీకు ధైర్యంగా ఉంటుంది?