కస్టమర్ల పెన్‌డ్రైవ్‌లు పెట్టక తప్పదు. మా కంప్యూటర్లను వైరస్‌ల నుంచి ఎలా కాపాడుకోవాలి?

ప్రశ్న (ప్రింటింగ్ యూనిట్ నడిపేవారు)

అందరికీ నమస్కారం. నేనూ మా తమ్ముడూ కలిసి చిన్న ప్రింటింగ్ యూనిట్ నడుపుతున్నాం. పనివాళ్ళు ఇద్దరు, కంప్యూటర్లు నాలుగు. రెండిట్లో డిజైన్ పని, ఒకదాంట్లో బిల్లింగ్. నాలుగోది స్టిక్కర్ కటింగ్ మెషీన్‌ది. ఆ మెషీన్ డ్రైవర్ విండోస్ 7లో తప్ప పనిచేయదు, అందుకని దాన్ని మార్చలేకపోయాం. నాలుగూ ఒకే వైఫై మీద ఉన్నాయి, ఫోల్డర్లు షేర్ చేసుకుంటాం.

పోయిన వారం ఒక కస్టమర్ పెన్‌డ్రైవ్ పెట్టగానే అందులోని ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా కనిపించాయి. యాంటీవైరస్ ఏదో పట్టుకుంది, పని ఆగలేదు. కానీ అప్పటి నుంచి ఒకటే టెన్షన్. 11 ఏళ్ల డిజైన్లు ఆ రెండు కంప్యూటర్లలోనే ఉన్నాయి. పాత కస్టమర్ వచ్చి "అప్పటి కార్డే మళ్ళీ వేయండి" అంటే తీసి ఇవ్వగలగడమే మా బలం.

బ్యాకప్ ఉంది. బిల్లింగ్ కంప్యూటర్‌కి ఒక హార్డ్‌డిస్క్ ఎప్పుడూ తగిలించే ఉంటుంది, రోజూ సాయంత్రం దానంతటదే కాపీ అవుతుంది. ఇది చాలా? లేక డబ్బు కట్టి మంచి యాంటీవైరస్ కొనాలా?

జవాబు 1 (అకౌంట్స్ పని చేసేవారు)

"ఎప్పుడూ తగిలించే ఉంటుంది" అన్న మాట చదివాక రాయకుండా ఉండలేకపోయానండి. మేం చేసిన తప్పు సరిగ్గా అదే.

మాది ముగ్గురు పనిచేసే అకౌంట్స్ ఆఫీసు. ఒక సోమవారం పొద్దున వచ్చి చూస్తే ఏ ఫైలూ తెరుచుకోలేదు. పేర్ల చివర తెలియని అక్షరాలు, ప్రతి ఫోల్డర్‌లోనూ డబ్బు అడుగుతూ ఒక చీటీ. ఇంటి నుంచి పనిచేసుకోవడానికి వీలుగా ఉంటుందని నేనే రిమోట్ డెస్క్‌టాప్‌ని (దూరం నుంచి ఆఫీసు కంప్యూటర్ వాడుకునే సదుపాయాన్ని) నేరుగా ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టాను. పాస్‌వర్డ్ కూడా తేలికైనదే. హ్యాకర్లు ఆ దారినే లోపలికి వచ్చారు. బ్యాకప్ డిస్క్ తగిలించే ఉంది కాబట్టి వాళ్ళకి అది ఇంకో డ్రైవ్ మాత్రమే, దాన్నీ లాక్ చేసేశారు. విండోస్ తనంతట తాను దాచుకునే పాత కాపీలు కూడా చెరిపేసి పోయారు.

వేరే అవసరానికి తీసిన 5 నెలల కిందటి కాపీ ఒకటి పెన్‌డ్రైవ్‌లో మిగిలింది. ఆ తర్వాతి ఎంట్రీలన్నీ కాగితం బిల్లులు చూసి మళ్ళీ కొట్టాం. 7 వారాలు పట్టింది. మా దగ్గర పనిచేసే అమ్మాయి రాత్రి 10 దాకా కూర్చునేది, అది తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. డబ్బు మాత్రం కట్టలేదు. కట్టినా ఫైళ్లు తిరిగి వస్తాయన్న హామీ లేదు. యూరప్ దేశాల పోలీసు సంస్థ యూరోపోల్, డచ్ పోలీసులు మరికొందరితో కలిసి 2016లో మొదలుపెట్టిన 'నో మోర్ రాన్సమ్' సైట్‌లో కొన్ని రకాల రాన్సమ్‌వేర్‌కి (ఇలా ఫైళ్లు లాక్ చేసి డబ్బు అడిగే వైరస్‌లకి) తాళంచెవులు ఉచితంగా దొరుకుతాయి. మాకు పట్టినదానికి దొరకలేదు. తాళంచెవి ఎప్పటికైనా బయటికి రావచ్చని ఆ డిస్క్ అలాగే దాచాను.

ఇప్పుడు మాకు రెండు డిస్కులు. ఒకటి ఆఫీసులో కాపీ అవుతుంటే రెండోది మా ఇంట్లో ఉంటుంది, శుక్రవారం మారుస్తాం. కాపీ అయిపోగానే ఆఫీసులో ఉన్నదాన్ని కూడా పీకేస్తాం. క్లౌడ్ సింక్ ఉంటే చాలనుకోకండి. లాక్ అయిన ఫైలు కూడా అలాగే సింక్ అయి మంచి ఫైలు స్థానంలోకి వస్తుంది. పాత వెర్షన్లు దాచే సదుపాయం ఉంటేనే అది పనికొస్తుంది.

జవాబు 2 (కంప్యూటర్ సర్వీస్ చేసేవారు)

బ్యాకప్ గురించి పైన చెప్పినదానికి నేను కలిపేదేమీ లేదు. నా దిగులంతా మీ విండోస్ 7 కంప్యూటర్ గురించే. దానికి మామూలు సపోర్ట్ 2020 జనవరి 14న ఆగిపోయింది.

2017 మే 12న మొదలైన వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ 150కి పైగా దేశాల్లో కంప్యూటర్లను పట్టింది. ఎవరూ ఏదీ నొక్కక్కర్లేదు. ఫైల్ షేరింగ్‌లోని ఒక లోపం పట్టుకుని నెట్‌వర్క్‌లో ఒకదాని నుంచి ఇంకోదానికి అదే పాకింది. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ అప్పటికి రెండు నెలల ముందే, మార్చి 14న, అప్‌డేట్ ఇచ్చింది. దెబ్బతిన్నవాళ్ళలో ఎక్కువమంది అది వేసుకోనివాళ్ళే. మీ నాలుగో కంప్యూటర్‌కి కొత్త అప్‌డేట్లు రావు, పైగా అది మీ డిజైన్ ఫోల్డర్ల పక్కనే కూర్చుని ఉంది. దాని వైఫై తీసేయండి, కేబుల్ ఉంటే పీకేయండి. కటింగ్ ఫైళ్లు తీసుకెళ్లడానికి ఒకే ఒక పెన్‌డ్రైవ్ పెట్టుకోండి, దాన్ని ఇంక దేనికీ వాడకండి.

కస్టమర్ల పెన్‌డ్రైవ్‌లకి వేరే కంప్యూటర్ కేటాయించండి. పాతదైనా ఫర్వాలేదు గానీ అప్‌డేట్లు వచ్చేదై ఉండాలి, మీ షేర్డ్ ఫోల్డర్లతో సంబంధం ఉండకూడదు. షార్ట్‌కట్‌లు కనిపిస్తే వాటిని నొక్కవద్దు, అసలు ఫోల్డర్లు సాధారణంగా ఆ పెన్‌డ్రైవ్‌లోనే దాచేసి ఉంటాయి. నాలుగింటిలోనూ ఫైలు పేరు చివరి భాగం కనిపించేలా సెట్టింగ్ మార్చండి. మామూలుగా విండోస్ దాన్ని దాచేస్తుంది కాబట్టి, పీడీఎఫ్‌లా కనిపించేది నిజానికి ప్రోగ్రామ్ అయినా తెలియదు. పనివాళ్ళు రోజూ వాడే లాగిన్‌కి అడ్మిన్ హక్కులు ఉండకూడదు.

యాంటీవైరస్ సంగతి: కొత్త విండోస్‌తో వచ్చే డిఫెండర్ మీలాంటి చోట చాలు, అప్‌డేట్లు ఆపకపోతే. ఆ డబ్బుతో రెండో డిస్క్ కొనండి. ఇంకొకటి, తప్పుగా అనుకోకండి. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో క్రాక్ చేసినవి ఏవైనా ఉంటే ముందు అవి తీసేయండి. "ఇన్‌స్టాల్ చేసేముందు యాంటీవైరస్ ఆపండి" అని చెప్పే ఫైలు కంటే పెద్ద ప్రమాదం లేదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ చాలా కృతజ్ఞతలు. నిన్న కటింగ్ కంప్యూటర్‌ని నెట్‌వర్క్ నుంచి తీసేశాం. తర్వాత బ్యాకప్ డిస్క్ వేరే కంప్యూటర్‌కి పెట్టి తెరిచాను. బిల్లులన్నీ ఉన్నాయి. మా తమ్ముడు వాడే కంప్యూటర్‌లోని డిజైన్లు మాత్రం రెండేళ్ల నుంచి ఒక్కటీ కాపీ అవ్వలేదు. అప్పుడు ఆ కంప్యూటర్ మార్చాం, ఫోల్డర్ దారి మార్చడం మరిచిపోయాం. ప్రతి సాయంత్రం "పూర్తయింది" అనే చూపించేది.

కొత్త డిస్క్ తెచ్చాం, రాత్రంతా కాపీ అయింది. సరిగ్గా వచ్చిందో లేదో అన్ని ఫైళ్లూ తెరిచి చూడాలా?

జవాబు 1 (అకౌంట్స్ పని చేసేవారు)

అన్నీ అక్కర్లేదండి. ఒక్కో కంప్యూటర్‌ నుంచి ఒక పాత ఫైలు, ఒక మధ్యలోది, నిన్న చేసినది ఒకటి తీసి, డిజైన్ సాఫ్ట్‌వేర్‌లోనే తెరిచి చూడండి. నెలకోసారి ఇలా చేయండి, ప్రతిసారీ వేరే ఫైళ్లు. పాత డిస్క్ ఇప్పుడే చెరపకండి, కొత్తది రెండుమూడుసార్లు సరిగ్గా వచ్చేదాకా అలా పక్కన ఉండనివ్వండి.