అప్‌డేట్ చేశాక కూడా ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ వెర్షన్ మారలేదు, ప్యాచ్ పడినట్టా లేనట్టా?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. నేను చూసుకునే లైనక్స్ సర్వర్లలో ఎక్కువ భాగం ఉబుంటు 22.04, కొన్ని రెడ్‌హ్యాట్ 9. సెక్యూరిటీ టీమ్ వాళ్లు స్కానర్ రిపోర్ట్ పంపారు, అన్నిటి మీదా సీవీఈ-2024-6387 (సర్వర్‌లోకి దూరం నుంచి లాగిన్ అవ్వడానికి వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో దొరికిన భద్రతా లోపం నంబర్) ఎర్రగా ఉంది, కింద "ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 9.8కి మార్చండి" అని రాసి ఉంది. అన్నిట్లో అప్‌డేట్, అప్‌గ్రేడ్ నడిపాను, ఎర్రర్ ఏమీ రాలేదు. తీరా వెర్షన్ అడిగితే ఉబుంటులో ఇంకా 8.9పీ1 అనే, రెడ్‌హ్యాట్‌లో 8.7పీ1 అనే చూపిస్తోంది. మళ్లీ స్కాన్ చేయించినా అదే ఎరుపు. సోర్స్ తెచ్చి 9.8 కంపైల్ చేసి పెట్టేయమని మా లీడ్ అంటున్నారు. ఎస్‌ఎస్‌హెచ్ పాడైతే ఆ సర్వర్లలోకి వెళ్లే దారే ఉండదు, అందుకే టెన్షన్‌గా ఉంది. ప్యాచ్ పడిందో లేదో ఖాయంగా ఎలా తెలుసుకోవాలి?

జవాబు:

దయచేసి సోర్స్ నుంచి కంపైల్ చేయకండి. అలా పెట్టిన ఎస్‌ఎస్‌హెచ్‌ని రేపటి నుంచి ప్యాకేజీ మేనేజర్లు, అంటే ఉబుంటులో ఏపీటీ గానీ రెడ్‌హ్యాట్‌లో డీఎన్‌ఎఫ్ గానీ పట్టించుకోవు, వచ్చే నెల ఇంకో లోపం బయటపడితే మళ్లీ ప్రతి సర్వర్‌లోనూ మీరే చేత్తో కంపైల్ చేసుకోవాలి, ఆ బాధ్యత ఎప్పటికీ మీ నెత్తినే ఉంటుంది.

అసలు సంగతి ఏమిటంటే, ఉబుంటు, డెబియన్, రెడ్‌హ్యాట్ లాంటి లైనక్స్ డిస్ట్రోలు ఒక రిలీజ్ ఇచ్చాక అందులోని ప్రోగ్రాముల వెర్షన్‌ని మామూలుగా పెంచవు. కొత్త వెర్షన్‌లో లోపాన్ని సరిచేసిన నాలుగు లైన్లను తీసుకొచ్చి తమ పాత వెర్షన్‌లోనే అతికిస్తాయి, దీన్నే బ్యాక్‌పోర్ట్ అంటారు. కాబట్టి ముందున్న 8.9పీ1 అలాగే ఉంటుంది, మారేది దాని వెనక హైఫన్ తర్వాత ఉండే భాగం. ఉబుంటు 22.04లో ఈ లోపాన్ని సరిచేసిన ప్యాకేజీ 1:8.9పీ1-3ఉబుంటు0.10. రెడ్‌హ్యాట్ 9లో 8.7పీ1-38.ఈఎల్9_4.1. మీ దగ్గర అదే ఉన్నా, దానికన్నా పెద్దది ఉన్నా ఈ లోపం వరకు ప్యాకేజీ మంచిదే. మీ స్కానర్ బయటి నుంచి పోర్ట్ 22కి కనెక్ట్ అయి, బ్యానర్‌లో (కనెక్ట్ అవగానే సర్వర్ తన వెర్షన్ చెప్పే లైన్) 8.9 చూసి, 9.8 కన్నా తక్కువ కాబట్టి లోపం ఉందని రాసేసి ఉంటుంది. రెడ్‌హ్యాట్ బ్యానర్‌లో వెనక భాగం అసలు ఉండదు, ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్_8.7 అని మాత్రమే వస్తుంది, కాబట్టి బయటి నుంచి చూసి తేల్చడం దానికి సాధ్యం కాదు కూడా.

ఇప్పుడు చూడాల్సింది ఇది. ఉబుంటులో ఎస్‌ఎస్‌హెచ్‌ని వెర్షన్ అడగొద్దు, ప్యాకేజీ మేనేజర్‌ని అడగండి: డీపీకేజీకి చిన్న ఎల్ ఆప్షన్ ఇచ్చి ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్-సర్వర్ పేరు పెడితే పూర్తి నంబర్ వస్తుంది. కళ్లతో పోల్చకండి, 0.10ని చూసి 0.7 కన్నా చిన్నది అనుకునే వాళ్లు చాలామంది ఉన్నారు, ప్యాకేజీ లెక్కలో చుక్క తర్వాత ఉన్నది పది, అది ఏడు కన్నా పెద్దది. డీపీకేజీలోనే కంపేర్-వెర్షన్స్ అనే ఆప్షన్ ఉంది, రెండు నంబర్లు ఇస్తే ఏది పెద్దదో అదే తేలుస్తుంది, స్క్రిప్ట్ రాసుకుంటే దాన్నే వాడండి. రెడ్‌హ్యాట్‌లో ఆర్‌పీఎం క్వెరీకి చేంజ్‌లాగ్ (ప్యాకేజీలో చేసిన మార్పుల జాబితా) ఆప్షన్ తగిలించి, వచ్చిన దాన్ని గ్రెప్‌తో సీవీఈ నంబర్ కోసం వెతకండి. దొరికితే ఆ ప్యాకేజీలో ప్యాచ్ ఉన్నట్టే. ఉబుంటులో అదే పనికి ఏపీటీ చేంజ్‌లాగ్ ఉంది, కానీ అది ఇంటర్నెట్ నుంచి తెస్తుంది, పైగా రిపాజిటరీలో ఉన్న కొత్త ప్యాకేజీది చూపిస్తుంది, మీ సర్వర్‌లో ఇన్‌స్టాల్ అయి ఉన్నది అదేనో కాదో విడిగా సరిచూసుకోవాలి.

ప్రశ్న అడిగినవారు:

చాలా థాంక్స్ అండి, ఇంత వివరంగా చెప్పినందుకు. ఉబుంటు వాటిలో దాదాపు అన్నీ 0.10 కన్నా పైనే ఉన్నాయి. రెడ్‌హ్యాట్‌లో గ్రెప్ చేస్తే ఒక లైన్ దొరికింది, రేస్ కండిషన్ అని, పక్కన సీవీఈ నంబర్. కానీ మా దగ్గర ఒక పాత ఉబుంటు 20.04 కూడా ఉంది, దాని చేంజ్‌లాగ్‌లో ఈ నంబర్ ఎక్కడా లేదు. అంటే దానికి ప్యాచ్ రాలేదనా?

జవాబు:

కాదండి. 20.04లో ఉన్నది 8.2పీ1. ఈ లోపం కోడ్‌లోకి వచ్చిందే 8.5పీ1తో. 2006లో ఒకసారి సరిచేసిన లోపమే (అప్పటి నంబర్ సీవీఈ-2006-5051) తర్వాతి మార్పుల్లో పొరపాటున మళ్లీ తెరుచుకుంది. అందుకే 8.2కి ఈ జబ్బు లేదు, మందూ అక్కర్లేదు, చేంజ్‌లాగ్‌లో ఎప్పటికీ ఆ నంబర్ కనబడదు. రెడ్‌హ్యాట్ 8లోని 8.0పీ1ది కూడా ఇదే కథ. చేంజ్‌లాగ్‌లో ఉంటే ప్యాచ్ ఉందని నమ్మొచ్చు, లేకపోతే మాత్రం లోపం ఉందని వెంటనే అనుకోకూడదు. అలాంటప్పుడు మీ డిస్ట్రో సెక్యూరిటీ పేజీలో ఆ సీవీఈ తెరిచి, మీ రిలీజ్ పక్కన ఏం రాశారో చూడాలి. "నాట్ ఎఫెక్టెడ్" అని ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు. "వల్నరబుల్", "ఫిక్స్ డిఫర్డ్" అని ఉంటే ప్యాచ్ ఇంకా రాలేదని అర్థం, మీరు ఎన్నిసార్లు అప్‌గ్రేడ్ నొక్కినా ఏమీ మారదు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. అసలు ప్రాజెక్ట్ వాళ్ల కోడ్‌లో లేని లోపం డిస్ట్రో ప్యాకేజీలో ఉండొచ్చు. ఇదే లోపాన్ని పరిశీలిస్తుండగా వారానికే సీవీఈ-2024-6409 బయటపడింది, అది రెడ్‌హ్యాట్ 9లోని 8.7పీ1కి వర్తిస్తుంది, కారణం రెడ్‌హ్యాట్ తాను అదనంగా కలిపిన ఆడిట్ ప్యాచ్. కాబట్టి మీ రెడ్‌హ్యాట్ సర్వర్లలో ఆ రెండో నంబర్ కోసం కూడా గ్రెప్ చేయండి, మొదటిది ఉండి రెండోది లేకపోతే సగం పనే అయినట్టు.

మరో సభ్యుడు:

ఇంత వెతుకులాట ఎందుకు బ్రదర్, గిట్‌హబ్‌లో ఈ లోపాన్ని వాడుకుని దాడి చేసే ఎక్స్‌ప్లాయిట్ స్క్రిప్టులు ఉన్నాయి కదా, ఒకటి తెచ్చి సర్వర్ మీద నడిపితే పడుతుందో లేదో తేలిపోతుంది.

జవాబు:

ఆ పని చేయొద్దని గట్టిగా చెబుతున్నాను. ఈ లోపం రేస్ కండిషన్ మీద, అంటే రెండు పనులు సరిగ్గా ఒకే క్షణంలో ఢీకొనడం మీద ఆధారపడింది. దాన్ని కనిపెట్టిన క్వాలిస్ వాళ్లు 32 బిట్ సిస్టమ్ మీద చేసి చూస్తేనే సగటున దాదాపు 10,000 ప్రయత్నాలు, రూట్ షెల్ (సర్వర్ మీద పూర్తి అధికారం) రావడానికి 6 నుంచి 8 గంటలు పట్టింది. మీరు పది నిమిషాలు నడిపి ఏమీ కాలేదని సర్వర్ భద్రంగా ఉందనుకుంటే అంతకన్నా ప్రమాదం లేదు. పైగా తెలియనివాళ్లు పెట్టిన స్క్రిప్టులో ఏముందో చదవకుండా నడపడమంటే తాళంచెవి చేతికిచ్చినట్టే, ఎక్స్‌ప్లాయిట్ పేరుతో నడిపినవాడి మెషీన్‌లోనే మాల్‌వేర్ దించే నకిలీ కోడ్ తిరుగుతూనే ఉంటుంది.

కొన్ని లోపాలకు మాత్రం హాని లేని చిన్న పరీక్ష ఉంటుంది. 2021 జనవరిలో వచ్చిన సుడో లోపం, సీవీఈ-2021-3156, దానికి మామూలు యూజర్‌గా సుడోఎడిట్‌కి ఎస్ ఆప్షన్, స్లాష్ ఇచ్చి చూస్తే చాలు. జవాబు సుడోఎడిట్ అన్న మాటతో మొదలైతే లోపం ఉన్నట్టు, యూసేజ్ అని మొదలైతే ప్యాచ్ పడినట్టు. అలాంటివి డిస్ట్రో వాళ్లో, కనిపెట్టినవాళ్లో స్వయంగా చెబితే వాడండి, మిగతావాటికి ప్యాకేజీ రికార్డునే నమ్మండి.

ఇంకో సభ్యురాలు:

పైన చెప్పిందంతా డిస్క్ మీద ఉన్న ప్యాకేజీ గురించి. మెమరీలో నడుస్తున్నది పాతదే అయితే ఇదంతా చేసీ లాభం లేదు, దాని గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెబుతున్నాను. 2014 ఏప్రిల్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీలో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడినప్పుడు జరిగింది ఇదే: ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ప్యాకేజీ మార్చినా, అంతకుముందు నుంచి నడుస్తున్న వెబ్ సర్వర్, మెయిల్ సర్వర్ తమ మెమరీలోకి ఎక్కించుకున్న పాత లైబ్రరీతోనే పని చేస్తూ పోతాయి, రీస్టార్ట్ చేసేదాకా లోపం అలాగే ఉంటుంది. ఎస్‌ఎస్‌హెచ్ ప్యాకేజీ అప్‌డేట్ అయినప్పుడు సర్వీస్ తనంతట తానే రీస్టార్ట్ అవ్వడం మామూలే, అయినా సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్‌లో అది ఎప్పటినుంచి నడుస్తోందో చూసి, ప్యాకేజీ ఎప్పుడు పడిందో డీపీకేజీ లాగ్‌లో చూసి, రెండు సమయాలూ పోల్చుకోండి. రెడ్‌హ్యాట్‌లో ఆర్‌పీఎం క్వెరీకి లాస్ట్ ఆప్షన్ ఇస్తే ఆ సమయం వస్తుంది. సర్వీస్ మొదలైన సమయం ముందుదైతే రీస్టార్ట్ చేయాల్సిందే.

లైబ్రరీల విషయంలో చేత్తో ఇలా పోల్చుకుంటూ కూర్చోనక్కర్లేదు. ఉబుంటు, డెబియన్‌లో నీడ్‌రీస్టార్ట్ అనే ప్రోగ్రాం, రెడ్‌హ్యాట్‌లో నీడ్స్-రీస్టార్టింగ్ అనేది, పాత ఫైళ్లు పట్టుకుని వేలాడుతున్న ప్రాసెస్‌లను చూపిస్తాయి. అవి లేని చోట ఎల్‌ఎస్‌ఓఎఫ్ నడిపి, డిలీటెడ్ అని గానీ డీఈఎల్ అని గానీ గుర్తు పడిన లైబ్రరీ లైన్లు చూడండి.

కర్నెల్ (లైనక్స్‌కి గుండెకాయ లాంటి భాగం) అయితే మరీ ముఖ్యం. కొత్త కర్నెల్ ప్యాకేజీ పడినా రీబూట్ చేసేదాకా నడిచేది పాతదే. యూనేమ్‌కి ఆర్ ఆప్షన్ ఇస్తే వచ్చేది ఇప్పుడు నడుస్తున్నది, ప్యాకేజీ లిస్ట్‌లో వచ్చేది డిస్క్ మీదున్నది, రెండూ వేరుగా ఉంటే రీబూట్ బాకీ ఉన్నట్టే. ఉబుంటులో వర్ కింద రన్ డైరెక్టరీలో రీబూట్-రిక్వైర్డ్ అనే ఫైల్ ఉందేమో చూడండి. రెడ్‌హ్యాట్‌లో నీడ్స్-రీస్టార్టింగ్‌కి ఆర్ ఆప్షన్ ఇస్తే అదే చెబుతుంది. లైవ్‌ప్యాచ్ (రీబూట్ లేకుండా నడుస్తున్న కర్నెల్‌కే ప్యాచ్ వేసే పద్ధతి) వాడేవాళ్లకు ఇది తలకిందులుగా ఉంటుంది, అక్కడ యూనేమ్ పాత నంబరే చూపిస్తుంది కానీ ప్యాచ్ మెమరీలో పడి ఉండొచ్చు, అప్పుడు కెనానికల్-లైవ్‌ప్యాచ్ స్టేటస్ గానీ కేప్యాచ్ లిస్ట్ గానీ చూడాలి. స్పెక్టర్, మెల్ట్‌డౌన్ లాంటి ప్రాసెసర్ లోపాలైతే సిస్ కింద డివైసెస్, సిస్టమ్, సీపీయూ, ఆ లోపల వల్నరబిలిటీస్ అనే డైరెక్టరీలో ఒక్కో లోపానికి ఒక్కో ఫైల్ ఉంటుంది, దాన్ని క్యాట్‌తో తెరిచి చదివితే మిటిగేషన్ (లోపాన్ని అడ్డుకునే ఏర్పాటు) ఉందో లేదో కర్నెల్ స్వయంగా చెబుతుంది.

కంటైనర్లు నడుపుతుంటే హోస్ట్‌ని ప్యాచ్ చేసినంత మాత్రాన వాటి లోపలి లైబ్రరీలు మారవు, ఇమేజ్ మళ్లీ బిల్డ్ చేసి, కంటైనర్లను కొత్త ఇమేజ్‌తో మళ్లీ మొదలుపెట్టాలి.

ప్రశ్న అడిగినవారు:

మేడమ్, చాలా ఉపయోగపడింది. మీరు చెప్పినట్టు చూస్తే చాలా సర్వర్లలో కర్నెల్ రీబూట్ బాకీ ఉందని తేలింది, దాని గురించి రిపోర్ట్‌లో ఒక్క ముక్క కూడా లేదు. ఇంకో చిక్కు మిగిలింది. ఒక ఉబుంటు సర్వర్‌లో ప్యాకేజీ 0.7 దగ్గరే ఆగిపోయింది, ఒక రెడ్‌హ్యాట్ సర్వర్‌లోనూ పాతదే ఉంది, రెండిట్లోనూ అప్‌డేట్ నడిపితే చేయాల్సింది ఏమీ లేదని వస్తోంది.

జవాబు:

ఆ జవాబుకి అర్థం "నాకు కనిపించే రిపాజిటరీల్లో కొత్తది లేదు" అని మాత్రమే. ఉబుంటులో ముందు ఏపీటీ-మార్క్ షోహోల్డ్ చూడండి, ఎవరో ఎప్పుడో ఆ ప్యాకేజీని హోల్డ్‌లో పెట్టి మర్చిపోయి ఉంటారు. అది కాకపోతే ఏపీటీ-క్యాష్ పాలసీ చూడండి, జామీ-సెక్యూరిటీ (జామీ అనేది 22.04కి ఇంకో పేరు) అనే వరుస అందులో కనబడాలి, కనబడకపోతే సోర్స్ లిస్ట్‌లో దాన్ని తీసేశారు, లేదా మీ సంస్థ లోపల పెట్టుకున్న మిర్రర్ (రిపాజిటరీ నకలు) పాతబడింది. రెడ్‌హ్యాట్‌లో సబ్‌స్క్రిప్షన్-మేనేజర్ రిలీజ్ ఏం చూపిస్తుందో చూడండి, 9.2 లాంటి పాత మైనర్ రిలీజ్‌కి కట్టేసి ఉంటే, దానికి పొడిగింపు సపోర్ట్ రిపాజిటరీ కూడా లేకపోతే, కొత్త ప్యాచ్‌లు ఆ సర్వర్ కంటికే కనబడవు. డీఎన్‌ఎఫ్ వెర్షన్‌లాక్ ప్లగిన్ కూడా ఒకసారి చూడండి.

ప్రశ్న అడిగినవారు:

రెండూ మీరు చెప్పినవే అండి. ఉబుంటులో హోల్డ్ ఉంది, తీసేసి అప్‌గ్రేడ్ చేశాను. రెడ్‌హ్యాట్ దాన్ని 9.2కి కట్టేశారు, అందులో ఉన్న అప్లికేషన్ వాళ్లు ఒప్పుకుంటే గానీ కదపలేను, కొన్ని రోజులు పడుతుంది. అప్పటిదాకా దాన్ని ఏం చేయాలి? స్కానర్ వాళ్లకు ఏమని రాయాలి?

జవాబు:

స్కానర్ వాళ్లకు ప్రతి సర్వర్‌కీ పూర్తి ప్యాకేజీ నంబర్, దాంతోపాటు డిస్ట్రో ప్రకటన నంబర్ ఇవ్వండి, ఉబుంటు 22.04కి అది యూఎస్‌ఎన్-6859-1. లాగిన్ అయి లోపల్నుంచి ప్యాకేజీలు చదివే స్కాన్ పెట్టమని అడగండి, బ్యానర్ చూసే స్కాన్ ఉన్నంతకాలం ఈ ఎరుపు ప్రతి నెలా వస్తూనే ఉంటుంది. మీ లీడ్‌కి కూడా అదే కాగితం చూపించండి.

ఆగిపోయిన ఆ సర్వర్‌కి, ముందు పోర్ట్ 22ని ఫైర్‌వాల్‌లో మీ అడ్మిన్ నెట్‌వర్క్‌కి మాత్రమే పరిమితం చేయండి. ఆ తర్వాత ఎస్‌ఎస్‌హెచ్‌డీ కాన్ఫిగ్‌లో లాగిన్‌గ్రేస్‌టైమ్ 0 అని పెట్టి సర్వీస్ రీలోడ్ చేస్తే 6387 దారి మూసుకుంటుంది. కానీ దాంతో లాగిన్ అవ్వకుండా వేలాడే కనెక్షన్లకు గడువు ఉండదు, ఎవరైనా అలాంటివి గుంపుగా తెరిచి పెడితే మీకే లాగిన్ దొరక్కుండా పోవచ్చు, అందుకే ఫైర్‌వాల్ ముందు అన్నాను. మార్చాక ఎస్‌ఎస్‌హెచ్‌డీకి పెద్ద టీ ఆప్షన్ ఇచ్చి నడపండి, అన్ని ఫైళ్లూ కలిపి చదివాక తేలే విలువలను అది చూపిస్తుంది, అందులో లాగిన్‌గ్రేస్‌టైమ్ 0 అని కనబడాలి. కాన్ఫిగ్ డైరెక్టరీలో ఇంకో ఫైల్ అదే సెట్టింగ్‌ని ముందే పెట్టేసి ఉంటే మీరు రాసింది పని చేయదు, మొదట చదివిన విలువకే చెల్లుబాటు. ఇదంతా చేసేటప్పుడు తెరిచి ఉన్న ఒక ఎస్‌ఎస్‌హెచ్ సెషన్‌ని మూయకుండా అలాగే ఉంచుకుని, ఇంకో విండోలో కొత్తగా లాగిన్ అయి చూసుకున్నాకే మొదటిది మూయండి.