1888-ఓ మోర్గాన్ డాలరు: పెదవులు రెండుగా కనిపిస్తున్నాయి, ఇది వ్యామ్ 4 అవుతుందా?

కొత్తసేకర్త (న్యూజెర్సీ)
అందరికీ నమస్కారం. మా ఊళ్లో జరిగిన నాణేల ప్రదర్శనలో 1888 మోర్గాన్ డాలరు (అమెరికా పాత వెండి డాలరు) ఒకటి కొన్నాను. బొరుసు వైపు దండ ముడి కింద ఓ అక్షరం ఉంది కాబట్టి న్యూ ఆర్లీన్స్ టంకశాలది. బాగా అరిగింది, కానీ బొమ్మ వైపు లిబర్టీ దేవత పెదవులు, గడ్డం రెండేసి ఉన్నట్లు కనిపిస్తున్నాయి. డై (నాణెం మీద బొమ్మ కొట్టే ఉక్కు అచ్చు) తేడాలను బట్టి వాన్ ఆలెన్, మాలిస్ అనే పరిశోధకులు ఈ డాలర్లకు ఇచ్చిన సంఖ్యలే వ్యామ్‌లు కదా. మూడు సందేహాలు. ఇది వ్యామ్ 4 అవుతుందా? గ్రేడింగు సంస్థకు సర్టిఫికెట్ కోసం పంపితే ఖర్చు గిడుతుందా? మెత్తటి ప్లాస్టిక్ కవరులో ఉంచితే వెండికి హాని ఉందా?

భూతద్దం
ముక్కు సంగతి రాయలేదేమిటి? వ్యామ్ 4లో పెదవులు, గడ్డంతో పాటు ముక్కు కూడా జోడుగా ఉంటుంది. భూతద్దం కూడా అవసరం లేదు, మామూలు కంటికే తెలుస్తుంది. అరిగిందని దిగులు పడకండి. ఈ రకంలో దొరికేవి దాదాపు అన్నీ అరిగినవే. మిలమిల మెరిసే ‘హాట్ లిప్స్’ (వ్యామ్ 4 ముద్దుపేరు) ఉందని ఎవరైనా అమ్మజూపితే ముందు అనుమానించండి.

బొమ్మబొరుసు
సర్టిఫికెట్ మాట ఎత్తకండి, నాకు ఒళ్లు మండుతుంది. నా 1921 డెన్వర్ డాలరులో అక్షరాలన్నీ జోడుగా ఉన్నాయని ఒక సంస్థకు పంపాను. రకం గుర్తించడానికి విడిగా రుసుము తీసుకున్నారు. నాణెం పెట్టి సీలు చేసి పంపిన ప్లాస్టిక్ డబ్బా మీద ఏడాది, గ్రేడు (నాణెం స్థితికి ఇచ్చే అంకె) తప్ప ఇంకేమీ లేదు. ఫోను చేస్తే ‘మా జాబితాలో లేదు’ అన్నారు. లేనప్పుడు రుసుము ఎందుకు?

పాతకాపు_ఫీనిక్స్
బొమ్మబొరుసు తమ్ముడూ, అది డబుల్డ్ డై కాదు, యంత్రం ఇచ్చిన జోడు. నాణెం మీద దెబ్బ పడ్డాక డై వదులుగా కదిలితే అక్షరం పక్కన చదునుగా మెట్టులాంటి అంచు వస్తుంది. దానికి విలువ లేదు. అసలైన డబుల్డ్ డై డై తయారీలోనే పుడుతుంది. ఆ రోజుల్లో మూల అచ్చును డై మీద ఒకేసారి కాక, మధ్యలో కాల్చి మెత్తబరుస్తూ పలుమార్లు నొక్కేవారు. రెండోసారి కాస్త పక్కకు జరిగితే బొమ్మ రెండుగా పడుతుంది. అప్పుడు అక్షరాల కొసలు చీలి, రెండు గీతలూ గుండ్రంగా, సమానమైన ఎత్తులో ఉంటాయి. ఈ తేడా తెలియకుండా వ్యామ్‌ల జోలికి రాకూడదు. నేను అరిజోనాలో ఎన్ని ప్రదర్శనల్లో బల్ల వేశానో లెక్కే లేదు.

బొమ్మబొరుసు
నన్ను తమ్ముడూ అనకండి. నా వయసెంతో మీకు తెలియదు. నాణెం కంటితో చూడకుండా, ఫొటో కూడా అడగకుండా తీర్పు చెప్పేశారు. అంత అనుభవం ఉంటే ఫొటో అడిగే ఓపిక కూడా ఉండాలి కదా?

పాతకాపు_ఫీనిక్స్
1921లో అన్ని అక్షరాలూ జోడుగా ఉన్నాయంటే ఫొటో అవసరం లేదు. ఆ ఏడాది మూడు టంకశాలల్లో పరుగులు తీస్తూ కొట్టారు, బిగింపు సడలిన డైల గుర్తులు కొల్లలుగా దొరుకుతాయి. ఇక చాలు.

వెండికొండ
మీ పోట్లాట మధ్యలో నా ఆనందం ఒకటి చెప్పనివ్వండి. ఇంటర్నెట్ వేలంలో 1902-ఓ మైక్రో ఓ దొరికింది! టంకశాల గుర్తు మామూలు ఓ కన్నా చిన్నది, స్పష్టంగా ఉంది. ఈ రకం ఉన్నవారు ఇంకెవరైనా ఉన్నారా?

భూతద్దం
వెండికొండ గారూ, నిరుత్సాహపరచాలని కాదు, 1896, 1900, 1902 మైక్రో ఓలు నకిలీలని 2005లోనే తేలింది. మూడు వేర్వేరు ఏళ్ల నాణేలకూ బొరుసు వైపు ఒకే డై, అవే లోపాలు. టంకశాలలో అలా జరిగే వీలు లేదు. పెద్ద గ్రేడింగు సంస్థలు వాటిని డబ్బాల్లో పెట్టడం మానేశాయి. 1880-ఓ, 1899-ఓ మైక్రోలు మాత్రం అసలైనవే.

వెండికొండ
నకిలీ అంటే ఎలా? తూకం సరిగ్గా ఉంది, వెండి కూడా అసలుదే. కంసాలికి చూపించాను, గీటురాయి మీద పరీక్షించాడు!

గోదావరి_నాణేలు (రాజమహేంద్రవరం)
గీటురాయి మీదా? వందేళ్ల నాణేన్ని గీయించారా? అయ్యో!

పాతకాపు_ఫీనిక్స్
వెండి అసలుదైనా నాణెం నకిలీ కావచ్చు. 1902లో డాలరులోని వెండి విలువ అర డాలరు కూడా లేదు. దొంగ ముద్రాపకుడు నిజమైన వెండితో కొట్టినా సగానికి పైగా మిగులుతుంది. ఆ లెక్క తెలిసినవాడెవడూ సీసంతో కొట్టడు. అందుకే ఇన్నేళ్లు అందరినీ మోసగించాయి. అయినా వెండికొండ గారు బాధపడనక్కర లేదు, అప్పటి నకిలీలనే ఏరికోరి కొనేవారు ఉన్నారు.

వెండికొండ
వేలంలో ‘అసలైన అరుదైన రకం’ అని రాసి అమ్మారు. డబ్బు వెనక్కి అడుగుతాను. ఇవ్వకపోతే ఇక్కడే వచ్చి రాస్తాను.

గోదావరి_నాణేలు (రాజమహేంద్రవరం)
మీరంతా అరుదు, అరుదు అంటున్నారు. అసలు ఎన్ని మిగిలాయో ఎవరికి తెలుసు? 1918 నాటి అమెరికా పిట్‌మన్ చట్టం కింద 27 కోట్లకు పైగా వెండి డాలర్లు కరిగించారు. అందులో దాదాపు 26 కోట్ల డాలర్ల వెండి బ్రిటన్‌కు అమ్మారు, భారతదేశంలో రూపాయలు కొట్టడానికి. యుద్ధంలో ఇక్కడ వెండి కరవై 1917లో ఒక రూపాయి నోటు వేయవలసి వచ్చింది, దాన్ని జనం నమ్మలేదు. ఏ ఏడాది డాలర్లు ఎన్ని కరిగాయో లెక్క రాయలేదు. కాబట్టి ముద్రించిన సంఖ్య చూసి ధర చెప్పడం వట్టి మాట. మీ అపురూపమైన వ్యామ్ ఒకటి మా నానమ్మ దాచిన 1918 రూపాయిల్లో ఉందేమో!

పాతకాపు_ఫీనిక్స్
కరిగాక వ్యామ్ ఎక్కడిది? ఇలాంటి పోసుకోలు మాటలకు వేరే చర్చ తెరవండి.

గోదావరి_నాణేలు (రాజమహేంద్రవరం)
అది హాస్యమని అర్థం కాకపోతే నేనేం చేయను? మన రూపాయిల్లోనూ డై రకాలు ఉన్నాయి. 1862 అని ముద్ర ఉన్న విక్టోరియా రూపాయిని ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి అదే ఏడాదితో కొట్టారు. బొంబాయి వాటిలో చుక్కలు లెక్కపెట్టి అసలు ఏడాది కనిపెట్టాలి. వ్యామ్ కన్నా ఇదే ఎక్కువ ఆట.

భూతద్దం
కొత్తసేకర్త అడిగింది పక్కన పడిపోయింది. ఫొటో పెట్టండి. మరో సంగతి. 1888-ఓలో వ్యామ్ 1బీ కూడా వెతుక్కోవచ్చు. డై పగిలి లిబర్టీ మొహానికి అడ్డంగా పెద్ద గీత పడింది, ‘స్కార్‌ఫేస్’ అంటారు. నాకు జోడు గీతల కన్నా పగుళ్లంటేనే ఇష్టం. చిన్న పగులు పెద్దదవుతూ పోయే క్రమాన్ని వరసగా నాలుగైదు నాణేల్లో పట్టుకోవడం ఈ సరదాలో అసలు రుచి.

రెనో_వాసి
పగుళ్లు, డైలు ఢీకొన్న మచ్చలు కూడా రకాలేనా? 1891-ఓలో డేగ తోక కింద ఇంగ్లీషు ‘E’ అక్షరం కనిపిస్తే పాతికకు పాతిక ఎక్కువ అడుగుతారు. మధ్యలో లోహం లేకుండా రెండు డైలూ ఒకదాన్నొకటి కొట్టుకుంటే లిబర్టీ పేరులోని ఆ ‘E’ అక్షరం అవతలి డైకి అంటింది. అది ప్రమాదం, రకం కాదు. వాన్ ఆలెన్, మాలిస్ సంఖ్యలు ఇస్తూ పోవడంతో జాబితాకు అంతు లేకుండా పోయింది.

భూతద్దం
వారు డైలనే సంఖ్యలతో గుర్తించారు. డైకి మచ్చ పడితే ఆ దశకు ఏ, బీ అని తోక తగిలించారు. మీకు నచ్చకపోతే 1900-ఓ/సీసీ కొనుక్కోండి. కార్సన్ సిటీ టంకశాల మూతబడ్డాక మిగిలిన బొరుసు డైల మీద ఓ కొట్టి న్యూ ఆర్లీన్స్‌లో వాడేశారు. ఓ వెనుక కార్సన్ సిటీ గుర్తు సీసీ మసకగా కనిపిస్తుంది. దానిని ప్రమాదం అనలేరు కదా?

రెనో_వాసి
అది ఒప్పుకుంటాను. అందులో కథ ఉంది. మచ్చలో కథ ఏముంది?

కొత్తసేకర్త (న్యూజెర్సీ)
ఫొటోలు పెట్టాను. ముక్కు కూడా రెండుగానే ఉంది. కవరు సంగతి ఎవరూ చెప్పలేదు.

భూతద్దం
మొదటి ఫొటోలోనే తెలిసిపోయింది, వ్యామ్ 4. అభినందనలు. తుడవకండి, కడగకండి, పాలిష్ పెట్టకండి. సర్టిఫికెట్ సంగతి అమ్మే ఉద్దేశం ఉంటేనే ఆలోచించండి.

బొమ్మబొరుసు
పంపితే రకం పేరు డబ్బా మీద రాస్తారా లేదా అని ముందే రాతపూర్వకంగా అడగండి.

వెండికొండ
అమ్మకందారు ఒప్పుకున్నాడు, డబ్బు వెనక్కి ఇస్తానన్నాడు. కానీ ఇప్పుడు నాకే ఇవ్వాలని లేదు. అప్పటి నకిలీలు కొనేవారు నిజంగా ఉన్నారా?

పాతకాపు_ఫీనిక్స్
ఉన్నారు. నేనే కొంటాను. ధర ప్రైవేటుగా రాయండి.

బొమ్మబొరుసు
చూశారా, నకిలీ అని తీర్పు చెప్పి ఇప్పుడు తానే కొంటాడట!

నాణేల_సంచి
క్షమించాలి, మధ్యలో వస్తున్నాను. 1921 ఫిలడెల్ఫియా డాలరు అంచు గీతలు కొన్నింటిలో వెడల్పుగా ఉంటాయని విన్నాను. ఎలా గుర్తించాలి?

భూతద్దం
మామూలుగా 189 గీతలు, వెడల్పు రకంలో 157. అంచున పెన్నుతో గుర్తు పెట్టకండి, పక్కన కాగితం పట్టి లెక్కపెట్టండి.