స్ట్రోక్ తర్వాత మెమరీ టెస్ట్: కాగితం మీదా, వీఆర్ కళ్ళద్దాల్లోనా?

సీతమ్మధార_శీను: నాన్నకి (68) నాలుగు నెలల క్రితం స్ట్రోక్. ఎడమచెయ్యి చాలావరకు తిరిగొచ్చింది. కాగితం మీద పెట్టే మోకా టెస్టులో (జ్ఞాపకం, ఆలోచన చూసే చిన్న పరీక్ష) 30కి 26, ఫరవాలేదన్నారు. తర్వాత ఇంకోచోట వీఆర్ కళ్ళద్దాలు పెట్టి, అందులో కంప్యూటర్ బొమ్మలతో చేసిన సూపర్ మార్కెట్ చూపించి, ఎనిమిది సరుకులు గుర్తుపెట్టుకుని తెమ్మన్నారు. మూడే తెచ్చారు. ఏది నమ్మాలి?

ఓటీ_లలిత: వీఆర్‌నే. రోజువారీ పనులు మళ్ళీ నేర్పే థెరపిస్టుని (ఓటీ) నేను. మోకాలో ఐదు మాటలు చెప్పి, ఐదు నిమిషాలాగి అడుగుతారు. చప్పుడు లేని గది, ఎదురుగా ఒక్క మనిషి. ఇంట్లో? పొయ్యి మీద పాలు, చేతిలో ఫోను, గుమ్మంలో గ్యాస్ అబ్బాయి. అప్పుడు గుర్తుండాలి!

లెక్కల_మాస్టారు: నాకూ పెట్టారమ్మా ఆ డబ్బా. జన్మలో ట్రాలీ తోయలేదు నేను. సంచి పట్టుకుని రైతుబజారుకెళ్ళి వంకాయలు ఏరుకునేవాణ్ణి. కళ్ళు తిరిగి వాంతయింది. దానికి ‘మెమరీ వీక్’ అని రాసిచ్చారు.

బుల్లోడు_77: ఫీజెంత అన్నా?

ఓటీ_లలిత: కడుపులో తిప్పడం కొందరికి ఉంటుంది, అప్పుడు ఆపేయాలి. ట్రాలీ సంగతి వదిలేయండి. శీనుగారూ, నాన్నగారు వదిలేసినవి ఎటువైపు అరల్లో ఉన్నాయి? ఎడమచెయ్యి పడిందంటే దెబ్బ కుడి మెదడుకి. అలాంటివాళ్ళలో కొందరికి చూపు బాగున్నా ఎడమవైపు వస్తువులు మనసుకి ఆనవు. అది మతిమరుపు కాదు.

లెక్కల_మాస్టారు: ఎందుకు వదలాలి? పన్నెండేళ్ళకి మించి చదవనివాళ్ళకి మోకాలోనే ఒక మార్కు కలుపుతారు. ట్రాలీ ఎరగనివాడికి మీ డబ్బాలో ఎన్ని కలుపుతారు? నిజం బజారుకే పంపొచ్చుగా?

ఓటీ_లలిత: పంపారు సార్. మెదడు ముందుభాగం దెబ్బతిన్నవాళ్ళని 1991లో షాలిస్, బర్జెస్ అనేవాళ్ళు నిజం వీధిలోకే పంపి చూశారు. కానీ రోజుకో రద్దీ, పడిపోతారన్న భయం. ఒకరి ఫలితం ఇంకొకరితో ఎలా పోలుస్తాం? అందుకే బజారుని కళ్ళద్దాల్లోకి తెచ్చారు. ఎన్నిసార్లు చెప్పినా అదే ట్రాలీ! మీ మొండితనానికి ఇంట్లోవాళ్ళు ఎంత పడుతున్నారో.

లెక్కల_మాస్టారు: మొండితనమా? ఆ కాగితం చూపించి మర్నాడే మావాడు నా ఏటీఎం కార్డు తీసేసుకున్నాడు. పెన్షన్ నాది. ముప్పైనాలుగేళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి, కటింగుకి నూటయాభై వాణ్ణి అడుగుతున్నాను.

రాధ_కొవ్వూరు: 🙏

ఓటీ_లలిత: సారీ సార్, ఆ మాట అనకూడదు. కానీ ట్రైనింగ్ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడానికే ఈ టెస్ట్. కార్డు లాక్కోమని మేం రాయం.

లెక్కల_మాస్టారు: లాక్కోవద్దనీ రాయరుగా.

సీతమ్మధార_శీను: రిపోర్టు తీసి చూశాను. తెచ్చిన మూడూ కుడివైపు అరల్లోవే. మాస్టారూ, నాన్న బ్యాంకు యాప్ నా ఫోన్లోకి మార్చుకుందామా అని ఆలోచిస్తూనే ఈ థ్రెడ్ పెట్టాను. నాన్నకింకా చెప్పలేదు.

బుల్లోడు_77: ఫీజు?